మార్కాపురం పలకలు, దూరపు యంత్రాలు

నల్లమల కొండలకు తూర్పువైపున మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాల నేల కింద పరుచుకుని ఉన్న రాతి పొరలను భూగర్భ శాస్త్ర గ్రంథాలు ‘కంభం పలకరాళ్లు’ అనే పేరుతో వ్యవహరిస్తాయి. కడప, కర్నూలు శిలా సముదాయాల మీద విలియం కింగ్ రాయగా భారత భూగర్భ సర్వే సంస్థ 1872లో ప్రచురించిన గ్రంథంతో ఈ పేరు స్థిరపడింది. వంద కోట్ల సంవత్సరాలకు పైబడిన గతంలో సముద్రగర్భాన పేరుకున్న మెత్తని బురద, ఆ తరువాత భూమి లోపలి ఒత్తిడికీ వేడికీ లోనై గట్టిపడి, ఒకే దిశలో చీలే గుణాన్ని సంతరించుకుంది. విదళనం అని శాస్త్రజ్ఞులు పిలిచే ఈ గుణం వల్లనే, దిమ్మె అంచున ఉలి ఆనించి సుత్తితో తట్టినప్పుడు రాయి ముక్కచెక్కలు కాకుండా పలుచని, సమతలమైన రేకులుగా విడివడుతుంది. రాతపలక మొదలుకొని అమెరికా ఇళ్ల నేలమీద పరిచే రంగురాళ్ల దాకా మార్కాపురం వర్తకమంతా ఈ ఒక్క గుణం మీద నిలిచింది. యంత్రం ఇప్పటికీ పూర్తిగా చేజిక్కించుకోలేకపోయిన పని కూడా ఈ చీల్చే పనే.

రాయి ఒక్కటే ఉంటే పరిశ్రమ పుట్టదు. ఆ రాతిమీద తక్కువ కూలికి పనిచేయడానికి ఒప్పుకునే మనుషులు కూడా ఉండాలి, వాళ్లు ఒప్పుకోవడానికి కారణమూ ఉండాలి. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు 1970 ఫిబ్రవరి 2 దాకా కర్నూలు జిల్లాలో ఉండి, ఆ రోజున కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరాయి. 1972లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. జిల్లా మారినా నేల స్వభావం మారలేదు. విజయనగర కాలంలో కట్టిన కంభం చెరువు కింది ఆయకట్టును మినహాయిస్తే ఈ పడమటి భాగమంతా ప్రధానంగా వానమీద ఆధారపడిన మెట్టసేద్యమే, చాలా ఊళ్లలో బావినీళ్లలో ఫ్లోరైడు కూడా ఎక్కువే. వాన తప్పిన ఏడాది కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని గుంటూరు వైపో హైదరాబాదు వైపో కదలడం ఇక్కడ తరతరాల అనుభవం. కాబట్టి పలకల కార్ఖానా యజమాని కూలి నిర్ణయించేటప్పుడు పక్క కార్ఖానాలో ఏమిస్తున్నారన్నది ఎంత చూశాడో, ఎండిన చేలో ఏమీ దొరకదన్న సంగతినీ అంతే చూశాడు. కూలికి కింది హద్దును కరువు నిర్ణయించింది. పై హద్దును నిర్ణయించినవి ఎక్కడెక్కడో ఉన్న యంత్రాలు. ఈ రెండు హద్దుల మధ్యనే మార్కాపురం పలకల కార్మికుల చరిత్ర నడిచింది.

చదువుకునే పిల్లవాడి చేతికి రాతిపలక రావడంలోనే ఒక అంతర్జాతీయ ప్రయాణం దాగి ఉంది. పలక రాకముందు తెలుగునాట వీధిబడుల్లో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు, చేయి తిరిగాక తాటాకు మీద గంటంతో రాసేవారు. మద్రాసులో సైనికుల అనాథ బాలల ఆశ్రమానికి 1789లో పర్యవేక్షకుడైన ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు మతాచార్యుడు ఈ ఇసుక రాతను, పెద్దపిల్లలు చిన్నపిల్లలకు నేర్పే పద్ధతిని గమనించి, స్వదేశానికి తిరిగి వెళ్లాక 1797లో దానిమీద పుస్తకం ప్రచురించాడు. లండనులో జోసెఫ్ లాంకస్టర్ అదే తరహా బడులు నడుపుతూ, ఖరీదైన కాగితానికి బదులు చెరిపి మళ్లీ రాసుకునే రాతిపలకలను విరివిగా వాడాడు. ఈ బడుల వ్యాప్తితో 19వ శతాబ్దంలో వేల్స్ కొండల్లోనూ, జర్మనీలో తురింగియా, ఫ్రాంకోనియా ప్రాంతాల్లోనూ, అమెరికాలో పెన్సిల్వేనియాలోనూ రాతపలకల తయారీ పెద్ద పరిశ్రమగా ఎదిగి, అక్కడి సరుకు సముద్రాలు దాటింది. మద్రాసు ఇసుకనుంచి పోయిన బోధనాపద్ధతి రాతిపలక రూపంలో తిరిగి మన బడికి చేరిందన్నమాట. ఇక్కడ అది ఎంతగా కలిసిపోయిందంటే, అక్షరాభ్యాసం నాడు పలకా బలపం లేకుండా పూజ సాగని స్థితి వచ్చింది.

మార్కాపురానికి ఈ పలకల వర్తకాన్ని అందుబాటులోకి తెచ్చింది రైలు. గుంతకల్లు నుంచి నంద్యాల మీదుగా నల్లమలను దాటి, గిద్దలూరు, కంభం, మార్కాపురం రోడ్డు స్టేషన్లను కలుపుతూ బెజవాడ వైపు సాగిన మీటరుగేజి మార్గం 1890 నాటికి సిద్ధమైంది. బరువెక్కువ, ధర తక్కువ అయిన సరుకుకు ఎడ్లబండి ప్రయాణం గిట్టదు, రైలుపెట్టె గిట్టుతుంది. 20వ శతాబ్దంలో మార్కాపురం చుట్టుపక్కల గనులు, కార్ఖానాలు పెరిగి, దేశంలో ఏ మూల బడికైనా రాతపలక పంపే ఊరుగా మార్కాపురానికి పేరు వచ్చింది. పలక మీద రాసే రాతిపెన్సిలు తయారీ మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌లో కేంద్రీకృతమైంది. ఇలా ఒకదానితో ఒకటి ముడిపడిన రెండు సరుకులకు రెండు దూరపు ఊళ్లు నిలయాలైనా, రెండుచోట్లా కార్మికుల బతుకు ఒకే తీరుగా సాగింది.

రాతపలక తయారీలో పని అనేక చిన్న అంచెలుగా విడిపోయి ఉండేది. గనిలో మట్టి, పనికిరాని రాయి తొలగించి దిమ్మెలు తీయడం, వాటిని ఉలితో పొరలుగా చీల్చడం, కొలతకు కోయడం, రాపిడితో నునుపు చేయడం, కడిగి ఆరబెట్టడం, చెక్కచట్రం బిగించడం, పగుళ్లున్నవి ఏరివేసి మంచివి కట్టలు కట్టడం వరుసగా జరిగేవి. గనిపని, చీల్చే పని ఎక్కువగా మగవారివి. మోత, రాపిడి, ఏరివేత, చట్రం పనుల్లో స్త్రీలూ పిల్లలూ పెద్దసంఖ్యలో ఉండేవారు. కూలి చాలావరకు ముక్కల లెక్కన, అంటే పనిగంటలతో సంబంధం లేకుండా పూర్తిచేసిన పలకల సంఖ్యను బట్టి దక్కేది. దీనివల్ల పగిలిన రాయి నష్టం, రాయి సరిగా చీలని రోజు నష్టం కార్మికుడి మీదే పడ్డాయి. లెక్క పెంచుకోవడానికి ఇంటిల్లిపాదీ పనిలో దిగక తప్పని పరిస్థితి కూడా ఈ కూలి పద్ధతి లోంచే పుట్టింది.

ఇంత చవకగా మనిషి దొరుకుతున్నప్పుడు యజమాని యంత్రం కొనవలసిన అవసరం కనిపించదు. ఆర్థిక శాస్త్రంలో ఇది తేలికైన సూత్రమే: యంత్రం ఖరీదు, దాని మీద వడ్డీ, కరెంటు ఖర్చు కలిపి అది తప్పించే కూలి కన్నా తక్కువైతేనే యంత్రం లోపలికి వస్తుంది. మార్కాపురం కార్ఖానాల్లో ఆ లెక్క దశాబ్దాల పాటు మనిషి పక్షాన తేలింది. దాన్ని మనిషికి దక్కిన గెలుపుగా భావించడం మాత్రం పొరపాటు. ఆ లెక్కలో చేర్చిన మనుషుల్లో పద్నాలుగేళ్లు నిండని పిల్లలున్నారు. 1986లో బాలకార్మిక నిషేధ, నియంత్రణ చట్టం వచ్చి, 1987లో జాతీయ బాలకార్మిక విధానం ప్రకటించిన తరువాత, 1988లో ఆ విధానం కింద తొలి ప్రాజెక్టులకు ఎంపిక చేసిన పరిశ్రమలను చూస్తే మార్కాపురం ఏ వరుసలో నిలిచిందో తెలుస్తుంది. శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాద్ గాజు, మొరాదాబాద్ ఇత్తడి సామాను, అలీగఢ్ తాళాలు, మీర్జాపూర్–భదోహి తివాచీలు, సూరత్ వజ్రాలు, జైపూర్ రత్నాల మెరుగు, మంద్‌సౌర్ పలక పరిశ్రమ, మార్కాపురం పలక పరిశ్రమ ఆ జాబితాలో ఉన్నాయి. బడిపిల్లలకు పలకలు చేసిపెట్టిన చేతులు బడికి వెళ్లని పిల్లలవి కావడం ఈ పరిశ్రమ చరిత్రలో అన్నిటికన్నా బాధాకరమైన అధ్యాయం, దానిని ఏ ఎగుమతి లెక్కలూ కప్పిపుచ్చలేవు.

పిల్లలను పనినుంచి తప్పించే ప్రయత్నాలు జరుగుతున్న కాలంలోనే రాతపలకకు గిరాకీ తగ్గడం మొదలైంది. దీనికి కారణమైన యంత్రం మార్కాపురంలో లేదు. ఆగకుండా తిరిగే కాగితపు యంత్రాలు, వాటి వెనుక గీతలు గీసి కుట్టి నోటుపుస్తకం తయారుచేసే యంత్రాలు, ప్లాస్టిక్‌ను కరిగించి అచ్చులో పోసి నిమిషాల్లో పలకను బయటికి తీసే యంత్రాలు దేశంలో వేరే నగరాల్లో పనిచేస్తున్నాయి. ప్లాస్టిక్ పలక కిందపడినా పగలదు, రవాణాలో బరువు తూగదు, దాని ధర కూడా ఏటేటా దిగివచ్చింది. ఒక వస్తువుకు బదులుగా వాడగలిగే మరో వస్తువును ప్రత్యామ్నాయం అంటారు; ప్రత్యామ్నాయం ధర ఎంత ఉంటే అంతకన్నా ఎక్కువకు అసలు వస్తువును అమ్మడం కష్టం. రాతపలక అమ్మకం ధరకు ఈ విధంగా పైకప్పు ఏర్పడినప్పుడు, రాయి, చెక్క, రవాణా ఖర్చులు తీసివేయగా మిగిలిన దానిలోంచే కూలి రావాలి కాబట్టి, ఆ పైకప్పు నేరుగా కార్మికుడి మీదికి దిగింది. మార్కాపురంలో ఒక్క పనివాడి స్థానంలో కూడా యంత్రం నిలబడకుండానే అతడి కూలి ఎదగడం ఆగిపోయింది.

యాంత్రీకరణ గురించిన చర్చల్లో ఈ సంగతి తరచుగా మరుగున పడిపోతుంది. డారన్ అసెమొగ్లు, పాస్కల్ రెస్ట్రెపో అనే ఆర్థికవేత్తలు అమెరికాలో 1990–2007 మధ్య రోబోల ప్రభావాన్ని కొలిచి 2020లో ప్రచురించిన ప్రసిద్ధ అధ్యయనంలో, ప్రతి వెయ్యిమంది కార్మికులకు ఒక రోబో చొప్పున పెరిగినప్పుడు వేతనాలు 0.42 శాతం తగ్గాయని అంచనా వేశారు. ఆ కొలత విలువైనదే. అయితే అది యంత్రాన్ని నెలకొల్పిన దేశంలోని కార్మికుల మీద ప్రభావాన్ని చెబుతుంది. అదే తరహా యంత్రం తయారుచేసిన సరుకు సముద్రం దాటి వచ్చి మరో దేశపు చేతిపనివాడి సరుకు పక్కన నిలబడినప్పుడు, అతడి కూలి మీద పడే దెబ్బ ఆ లెక్కలోకి రాదు. మార్కాపురం వంటి ఊళ్ల చరిత్ర రాయడానికి కారణం ఇదే: ఇక్కడి కార్మికుడికి యంత్రం ఎదురుపడింది యంత్రం రూపంలో కాదు, ధర రూపంలో.

రాతపలక తగ్గుముఖం పట్టినా రాయి మిగిలే ఉంది. అది బడి వదిలి ఇంటి నేలమీదికి, గోడమీదికి చేరింది. నల్లరాయితో పాటు ఇనుము పాలు ఎక్కువై తుప్పు, పసుపు, ఊదా ఛాయలు కలగలిసిన పొరలు కూడా ఇక్కడ దొరుకుతాయి. రాతపలకకు పనికిరాని ఆ రంగురాయే విదేశీ కొనుగోలుదారుల కంటికి నచ్చింది. ఈ మార్పు వెనుక మూడు సంగతులున్నాయి. మొదటిది వజ్రపు రంపం. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ ప్రయోగశాల 1954లో కృత్రిమ వజ్రాన్ని తయారుచేసిన తరువాత, వజ్రపు రవ్వలు పొదిగిన గుండ్రటి రంపాలు క్రమంగా చవకై, చిన్న కార్ఖానాలకు కూడా అందుబాటులోకి వచ్చాయి. రెండోది కంటెయినరు. అందరికీ ఒకే కొలతతో ఉండే ఈ ఉక్కుపెట్టెలో సరుకును కార్ఖానా దగ్గరే నింపి ఓడలోకి యథాతథంగా ఎక్కించవచ్చు. 1983లో చెన్నై రేవులో కంటెయినర్ టెర్మినల్ వచ్చాక పగిలే స్వభావం ఉన్న రాతి టైల్సు ఎగుమతి సులువైంది. మూడోది 1991 జులైలో రూపాయి విలువ తగ్గింపు, దాని వెంట వచ్చిన ఆర్థిక సంస్కరణలు. డాలరుకు ఎక్కువ రూపాయలు వచ్చే కొద్దీ మార్కాపురం రాయి విదేశాల్లో చవకగా కనిపించింది. అమెరికా, ఐరోపా దేశాలకు ఎగుమతులు సాగాయి. అంతర్జాతీయ సుంకాల పట్టికలో పని పెట్టిన పలకరాయికి 6803 అనే సంఖ్య ఉంది. స్పెయిన్, బ్రెజిల్, చైనా పలకరాళ్లతో పాటు మార్కాపురం రాయి కూడా ఆ సంఖ్య కిందనే ప్రపంచాన్ని చుట్టింది.

అంతర్జాతీయ వర్తక సిద్ధాంతం ప్రకారం ఈ దశ కార్మికులకు కలిసిరావాలి. వోల్ఫ్‌గాంగ్ స్టోల్పర్, పాల్ శామ్యూల్సన్ 1941లో నిరూపించిన సిద్ధాంతం, ఒక దేశం వర్తకానికి తలుపు తెరిచినప్పుడు ఆ దేశంలో దేని లభ్యత ఎక్కువో దాని ప్రతిఫలం పెరుగుతుందని చెబుతుంది. భారతదేశంలో ఎక్కువగా ఉన్నది శ్రమ కాబట్టి శ్రమకు వేతనం పెరగాలి. మార్కాపురంలో ఎగుమతుల కాలంలో పని పెరిగింది, కోతమిషను నడిపే నేర్పరికి, పొరలు చీల్చే చేయితిరిగిన పనివాడికి గిరాకీ పెరిగింది. కానీ సిద్ధాంతం ఊహించినంత లాభం మోతపని, ఏరివేత, ప్యాకింగు చేసే స్త్రీల దాకా చేరిందని చెప్పడానికి వీల్లేదు. వానలేని పల్లెలనుంచి పని వెతుక్కుంటూ వచ్చేవారు తరగకుండా ఉన్నంతకాలం, కింది అంచెలో కూలి పెంచవలసిన ఒత్తిడి యజమాని మీద పడలేదు.

చీల్చే పని చేతిలోనే ఎందుకు మిగిలిందో కొంత వివరంగా చూడాలి, ఎందుకంటే అక్కడే యంత్రపు శక్తికీ పరిమితికీ హద్దు కనిపిస్తుంది. కోయడానికి రంపం చాలు, మందం సమం చేయడానికి ఒరిపిడి యంత్రం చాలు. రెండింటికీ కొలత ముందే తెలుసు. కానీ ప్రతి దిమ్మెలో పొరల తీరు వేరు, కనిపించని పగులు వేరు. పనివాడు ఉలి పెట్టే చోటును కంటితో, దెబ్బకు వచ్చే చప్పుడుతో నిర్ణయించుకుంటాడు. వేల్స్‌లోనూ ఇదే జరిగింది. 19వ శతాబ్దంలోనే అక్కడ ఆవిరి, నీటి శక్తితో నడిచే రంపాలు, అంచులు కోసే యంత్రాలు వచ్చినా చీల్చడం ఉలి, సుత్తి దగ్గరే ఆగిపోయింది. పలకరాయి ఇంటికప్పుల ఎగుమతిలో ప్రపంచాన్ని నడిపిస్తున్న స్పెయిన్‌లోని గలీసియా ప్రాంతంలో కూడా చీల్చే పని చాలావరకు మనిషి చేతిమీదే సాగింది. ఇంత అరుదైన నేర్పు ఉన్నా వేల్స్ కార్మికులను అది కాపాడలేకపోయింది. పెన్రిన్ గనిలో యూనియన్ హక్కు కోసం 1900 నవంబరులో మొదలై మూడేళ్లు సాగిన పోరాటం కార్మికుల ఓటమితో ముగిసింది. ఆ తరువాతి దశాబ్దాల్లో యంత్రాలతో తయారయ్యే మట్టిపెంకులు, కాంక్రీటు పెంకులు ఇంటికప్పుల వ్యాపారాన్ని లాక్కున్నాయి. పెద్ద గనుల్లో ఒకటైన డినోర్విక్ 1969లో మూతపడింది. పలకను చీల్చే యంత్రం రాలేదు. పలకతో పని లేకుండా చేసే యంత్రం వచ్చింది. మార్కాపురం అదే దారిలో దాదాపు వందేళ్లు ఆలస్యంగా నడిచింది.

ఊళ్లోకి వచ్చిన యంత్రం కథ వేరు. కరెంటు రంపం పలకరాయిని పొడిగా కోసినప్పుడు లేచే సన్నని దుమ్ములో స్ఫటిక సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తుల్లో చేరి మచ్చలు కట్టడం వల్ల వచ్చే జబ్బును సిలికోసిస్ అంటారు. దానిని నయం చేసే మందు లేదు. మంద్‌సౌర్‌లో కరెంటు రంపాలతో రాతిపెన్సిళ్లు కోసే కార్మికులను 1980లలో అహ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ పరీక్షించినప్పుడు సగానికి పైగా మందిలో ఈ జబ్బు కనిపించింది. మార్కాపురం, మంద్‌సౌర్ పనులు ఒకటి కావు గాని, రాయి జాతి ఒకటే, రంపమూ ఒకటే. నీళ్లు చిమ్ముతూ కోస్తే దుమ్ము చాలావరకు అణుగుతుంది. నీటికి కటకటలాడే ఊళ్లో ఆ నీరు కూడా ఒక ఖర్చే. కోతమిషను పనివాడికి మోతపని కన్నా కూలి ఎక్కువ వస్తుందన్నది నిజమే అయినా, ఆ అదనపు కూలిలో కొంతభాగం అతడి ఊపిరికి కట్టిన ధర అని గుర్తిస్తేనే వేతనం లెక్క సరిగా ఉంటుంది.

ఎగుమతి మార్కెట్టు మీద అసలు దెబ్బ 2000 తరువాత రెండు దిక్కులనుంచి వచ్చింది. ఒకటి అందరికీ తెలిసినదే: అమెరికాలో 2005లో సుమారు 20.7 లక్షల కొత్త ఇళ్ల నిర్మాణం మొదలు కాగా 2009లో ఆ సంఖ్య సుమారు 5.5 లక్షలకు పడిపోయింది. ఇల్లు కట్టనిచోట నేలరాయి అడిగేవారు ఉండరు. ఇలాంటి మాంద్యం ఎంత తీవ్రమైనా ఎప్పుడో ఒకప్పుడు తొలగిపోతుంది. రెండోది తొలగిపోయేది కాదు. సిరామిక్ టైలు తయారీలో, మట్టిని యంత్రంతో అచ్చువత్తి, తిరిగే రోలర్ల మీద బట్టీలోంచి నడిపించి సుమారు గంటలో కాల్చి తీసే పద్ధతి ఇటలీలోని సస్సువోలో ప్రాంతంలో 1970లలో నిలదొక్కుకుంది. అంతకుముందు కాల్చడానికే రోజుకు పైగా పట్టేది. అయినా ఆ టైలు మీద రాతి సహజమైన ముఖం రాలేదు, ఒకే బొమ్మ పదే పదే కనిపించేది. 2000లో స్పెయిన్‌లోని కస్తెయోన్ ప్రాంతానికి చెందిన కెరాజెట్ సంస్థ టైలు మీద సిరామిక్ రంగులను నేరుగా చిమ్మి బొమ్మ వేసే డిజిటల్ ముద్రణ యంత్రాన్ని తెచ్చిన తరువాత ఈ లోపం కూడా తీరింది. ఒక నిజమైన పలకరాయి ముఖాన్ని స్కాన్ చేసి, దాని పొరలు, తుప్పుమరకలు, ఛాయలు సహా వేల టైళ్ల మీద, ఒకదానికొకటి పోలకుండా అచ్చువేయడం సాధ్యమైంది. తరువాతి దశాబ్దంలో ఈ యంత్రాలు చైనాలోని ఫోషన్‌కూ, గుజరాత్‌లోని మోర్బీకీ చేరాయి.

దీని అర్థం ఏమిటంటే, మార్కాపురం రాయికి ఉన్న ఏకైక ఆధిక్యాన్ని, అంటే ప్రకృతి గీసిన రూపాన్ని, యంత్రం అనుకరించగలిగింది. మట్టి కలపడం మొదలుకొని పెట్టెలో పెట్టడం దాకా మనిషి చేయి దాదాపు తగలకుండా సాగే ఆ ప్రక్రియనే స్వయంచాలన ఉత్పత్తి అంటారు. అక్కడ టైలు ధరలో కూలి వాటా స్వల్పం, ఇంధనం వాటా అధికం. మార్కాపురంలో టైలు ధరలో కూలి వాటా అధికం. పోటీలో ధర తగ్గించవలసి వచ్చినప్పుడు మోర్బీ ఫ్యాక్టరీ గ్యాసు ఆదా చేసే మార్గం వెతుకుతుంది, మార్కాపురం కార్ఖానా కూలి ఆదా చేసే మార్గం వెతుకుతుంది. ఈ తేడా యజమానుల మంచిచెడ్డల వల్ల వచ్చింది కాదు, ఖర్చుల కూర్పులోనే ఉంది. బేతంచెర్ల, జమ్మలమడుగు నాపరాళ్లకు తెలుగు ఇళ్లలో పట్టిన గతి కూడా ఇదే. ఒక తరం కిందట నాపరాయి పరిచిన ఇళ్లలో ఇవాళ వాటి మీదనే టైల్సు వేస్తున్నారు.

సరిగ్గా ఈ కాలంలోనే కూలి కింది హద్దులో ఒక మార్పు జరిగింది. గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలై, 2007లో రెండో విడతగా ప్రకాశం జిల్లాకు వచ్చింది. ఏడాదిలో వందరోజుల పని, ఊరు వదలకుండా, ప్రకటించిన కూలికి దొరికే అవకాశం ఏర్పడింది. ఎండిన చేలో ఏమీ దొరకదన్న బెదిరింపు కొంతైనా బలహీనపడింది, ముఖ్యంగా స్త్రీల విషయంలో. అంటే రెండు మూడేళ్ల వ్యవధిలో కింది హద్దు కొంచెం పైకి లేచింది, పై హద్దు కిందికి దిగింది. మధ్యలో ఇరుకున పడిన కార్ఖానాల్లో బలహీనమైనవి నిలబడలేవు. ఉపాధి పథకం వల్లనే కూలీలు కరువయ్యారని నిందించే మాట ఎన్నో చిన్న పరిశ్రమల వాళ్ల నోట వినిపిస్తుంది గాని, ఆ మాటలో సగమే నిజం ఉంది. గిరాకీ నిలిచి ఉంటే పెరిగిన కూలిని ధరలో రాబట్టుకోవచ్చు. రాబట్టుకోలేకపోవడానికి కారణం పల్లెలో తవ్విన చెరువు కాదు, కస్తెయోన్‌లో తయారైన ముద్రణ యంత్రం.

కూలిని కాపాడే చట్టం లేదా అంటే ఉంది. పలకరాయి గనులు కేంద్ర ప్రభుత్వం కనీస వేతనం నిర్ణయించే గనుల జాబితాలో పేరుతో సహా ఉండేవి. ముక్కల లెక్కన పనిచేసేవారికి కూడా, ముక్క రేటు విడిగా నిర్ణయించనిచోట, కాలాన్ని బట్టి రావలసిన కనీస వేతనానికి తగ్గకుండా ఇవ్వాలని 1948 నాటి కనీస వేతనాల చట్టం 17వ సెక్షన్ చెప్పింది. చెల్లాచెదురుగా ఉన్న చిన్న గనుల్లో, హాజరుపట్టీ లేనిచోట, ఎన్ని గంటలు పనిచేశారో తేల్చగలిగితేనే ఇలాంటి నిబంధనకు విలువ ఉంటుంది. ముక్కకూలి పద్ధతిలో మొదట కనుమరుగయ్యేది ఆ గంటల లెక్కే.

ఈ ప్రాంతపు కూలిరేట్లను భవిష్యత్తులో అన్నిటికన్నా ఎక్కువగా మార్చగలిగినది పలకల కార్ఖానాకు బయట ఉంది. ఈ ప్రాంత కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరు పెట్టిన వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం జలాశయం నుంచి 43.5 టీఎంసీల కృష్ణా వరదనీటిని నల్లమల కింద తవ్విన జంట సొరంగాల ద్వారా పడమటి ప్రకాశానికి, పొరుగు జిల్లాల మెట్టభూములకు మళ్లించడం దాని లక్ష్యం. ఒక్కొక్కటి దాదాపు 19 కిలోమీటర్ల పొడవున్న ఆ సొరంగాల తవ్వకానికి కొండను తొలుచుకుంటూ ముందుకు సాగే భారీ యంత్రాలను దించారు. పలకరాయి పొరలున్న అదే కొండజాతి రాతిలో అవి మాటిమాటికీ మొరాయించి పనిని ఏళ్లతరబడి ఆలస్యం చేశాయి. తవ్వకం 2024 నాటికి గాని ముగియలేదు. పంట కాలువల్లోకి నీరు పారి, రెండో పంటకు కూలీలు కావలసి వచ్చిన నాడు, గనిలో దిమ్మెలు మోసే స్త్రీకి తన కూలి గురించి బేరమాడే వీలు మొదటిసారి చేజిక్కుతుంది. అప్పుడు ఆ కూలి ఇచ్చుకోగల పలకల కార్ఖానాలే మార్కాపురంలో మిగులుతాయి.